వేలి మీది లెక్క

2024 సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి, తెనాలిలో మా అమ్మ వంటింట్లో కూచుని, ఒక చిన్న మీటని 11,340 సార్లు నొక్కాను. గంటన్నర పైన పట్టింది. మర్నాటికి బొటనవేలి కణుపు వాచింది. అంతసేపూ ఒక్కసారి కూడా రాముడి పేరు తలుచుకోలేదు. నేను చేసింది ఏ రకం పని అన్న ప్రశ్న ఆనాటినుంచీ నన్ను వదల్లేదు. అబద్ధమా, సేవా, దొంగ లెక్కా? ఆ రాత్రి సంగతి చెప్పేముందు అమ్మ సంగతి కొంత, లెక్క సంగతి కొంత చెప్పాలి.

ఆ మీట ఉన్నది జపం లెక్కపెట్టే ఉంగరానికి. మీలో చాలామంది చూసే ఉంటారు. వేలికి తొడుక్కునే పట్టీ, దాని మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా, అయిదంకెలు కనపడే తెర, రెండు మీటలు. పెద్ద మీట నొక్కితే అంకె ఒకటి పెరుగుతుంది. చిన్న మీట నొక్కితే అంతా సున్నా. లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ. అమ్మకి దాన్ని హైదరాబాద్ పత్తర్‌గట్టీలో నేనే కొన్నాను. తస్బీహ్ మాలలూ, అత్తరు సీసాలూ, టోపీలూ అమ్మే కొట్టది. అక్కడ దాన్ని కొనేవాళ్ళు అల్లా పేరు తలవడానికి కొంటారు. కొట్టతను బ్యాటరీ వేసి, మూడుసార్లు నొక్కి చూపించి, "దువా మే యాద్ రఖ్నా" అన్నాడు. ఆ మూడంకెలూ చెరపకుండానే తెచ్చి అమ్మకిచ్చాను. అమ్మ "మూడు నుంచి మొదలేమిటే?" అంటే సంగతి చెప్పాను. నవ్వి, "సరే, అవి ఆయనవి" అని సున్నా చేసుకుంది.

నాన్న 2021లో పోయారు. అంతకుముందు అమ్మకి ఏడాది పొడుగునా నోములే. అన్నిటిలోకీ నాకు బాగా గుర్తున్నది లక్షవత్తుల నోము. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక పీట వాల్చుకుని, అరచేతిలో కాస్త విబూది వేసుకుని, పత్తి వత్తులు చేసేది. వంద వత్తులకి ఒక చిన్న కట్ట, పది కట్టలకి ఒక పొట్లం. పొట్లాలు పాత హార్లిక్స్ సీసాల్లో. ఏళ్ళ తరబడి చేసింది. మధ్యలో నా పదో తరగతి, అన్నయ్య ఇంజనీరింగు, మామ్మ మంచం పట్టడం, అన్నీ అయ్యాయి. ఎన్నో వత్తి దగ్గర ఆగిందో మర్చిపోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నాన్న పోయాక ఈ నోములు ఆగిపోయాయి. వరలక్ష్మీ వ్రతానికి పిలుపులు ఆగిపోయాయి. రావద్దని ఎవరూ అనరు. పిలవరు, అంతే. యాభై ఏళ్ళు ఆ వాకిళ్ళలో పసుపు పూయించుకున్న మనిషికి శ్రావణమాసంలో సాయంత్రాలు హఠాత్తుగా ఖాళీ అయిపోయాయి.

మిగిలింది నామం. గాయత్రికి ఆడదానికి అధికారం లేదన్నారు. బీజాక్షరాల మంత్రాలకి గురువు ఉపదేశం కావాలన్నారు, ఆ గురువు మగవాడు. నోముకి మొగుడు బతికుండాలి. గుడికి నెలలో ఆ నాలుగు రోజులు కుదరదు. నామానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. అందరికీ తెరిచి ఉంచిన తలుపు అంటూ భక్తిమార్గాన్ని మన పండితులు పొగుడుతారు. తక్కిన తలుపులన్నీ మూసింది ఎవరో అదే నోటితో చెప్పరు. అమ్మకి ఈ చర్చ అక్కర్లేదు. పదమూడు అక్షరాల రామమంత్రం ఎత్తుకుంది. మామ్మ తులసిమాల ఉంది గానీ దానికి మడి కావాలి, పీట కావాలి, చూపుడువేలు తగలకూడదు, మేరుపూస దాటకూడదు. అమ్మ వేళ్ళకి కీళ్ళవాతం. వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టే కరమాల పద్ధతి కూడా ప్రయత్నించింది. ఉంగరం వేలి నడిమి కణుపు దగ్గర మొదలుపెట్టి, చిటికెన వేలి మీదుగా తిరిగి, చూపుడు వేలి మొదటికి వచ్చేసరికి పది. మధ్యవేలి కింది రెండు కణుపులూ మేరువు కింద వదిలెయ్యాలి. పదులు ఒక చేత్తో, వందలు ఇంకో చేత్తో. మరి పులుసు కలిపేది ఏ చేత్తో?

అందుకని ఉంగరం. అది తొడుక్కుని అమ్మ పులుసు కలుపుతుంది, బియ్యం ఏరుతుంది, డాబా మీద మొక్కలకి నీళ్ళు పోస్తుంది. ఒక్క చేతి బొటనవేలు మాత్రం టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. రోజుకి పది మాలలు, అంటే 1,080.

ఈ ఉంగరం మా చుట్టాల్లో చిన్నపాటి వివాదమే అయింది. మా పెద్దనాన్న ఒకసారి చూసి, "మంత్రానికి యంత్రం ఉండాలంటే ఇదా అమ్మాయ్ అర్థం?" అని అందరినీ నవ్వించారు. మీట నొక్కడంలో భక్తి ఏముంది, నోరూ వేలూ వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు ఎటో పోతుంది కదా అన్నది ఆయన వాదం. నా వాదం వేరే దారిలో వచ్చినా అక్కడికే చేరింది. ప్రతిదాన్నీ అంకెగా మార్చడం ఈ కాలపు జబ్బు అని నేను తరగతిలో చెబుతుంటాను. రోజుకెన్ని అడుగులు నడిచాం, ఎన్ని గంటలు నిద్రపోయాం, అన్నీ ఫోను చెప్పాలి. ఇప్పుడు జపానికి కూడా యాపులున్నాయి. నూట ఎనిమిది కాగానే ఫోను వణుకుతుంది. వరసగా ఎన్ని రోజులు మానకుండా చేశారో లెక్క చూపించి మెచ్చుకుంటుంది, ఒకరోజు తప్పితే గుర్తుచేస్తుంది. ధ్యానానికి హాజరుపట్టీ అన్నమాట. వాటిని చూసినప్పుడల్లా నాకు వచ్చే చిరాకు అమ్మ ఉంగరాన్ని చూసినప్పుడు ఎందుకు రాలేదో చాలాకాలం తెలియలేదు.

లెక్క ఈ కాలం తెచ్చిన జబ్బేమీ కాదు కూడా. లెక్కలేని జపం అసురుల పాలవుతుందని పెద్దలు చెప్పేమాట మనదే. మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షలు జపించాలనీ, అందులో పదోవంతు హోమం, దానిలో పదోవంతు తర్పణం అనీ పురశ్చరణకి ఒక అంకగణితమే ఉంది. మనుస్మృతి రెండో అధ్యాయంలో జపాల ధరల పట్టికే కనబడుతుంది. యజ్ఞం కన్నా జపం పదిరెట్లు, పెదవులు కదిలీ కదలనట్టు చేసేది వందరెట్లు, మనసులో చేసేది వెయ్యి రెట్లు గొప్పదట. అదే మనువు ఆడదానికి స్వాతంత్ర్యం ఎన్నో వంతు ఇచ్చాడో మనకి తెలుసు. లెక్క పట్ల మన సంప్రదాయానికి ఏనాడూ విముఖత లేదు. ఒక్క తేడా ఏమిటంటే మాలని గోముఖి సంచీలో దాచమన్నారు. లెక్క ఉండాలి, కనపడకూడదు. ఉంగరం తెర మీద అది బయటపడింది. పెద్దనాన్నకి అసలు ఇబ్బంది యంత్రంతో కాదేమో, ఆ బయటపడటంతోనేమో అని నా అనుమానం. మరదలు వంటింట్లో గరిటె తిప్పుతూ పదకొండు వేలు దాటిందని వేలి మీది తెరే చాటుతుంటే ఎవరికైనా కొంచెం ఎట్లానో ఉంటుంది.

పెద్ద లెక్కలు మగవాళ్ళవి. త్యాగరాజు తొంభై ఆరు కోట్ల రామనామం చేశారని చెబుతారు. రోజుకి లక్షా పాతిక వేల చొప్పున ఇరవై ఒక్క ఏళ్ళట. ఒకసారి కుతూహలం కొద్దీ లెక్క కట్టాను. రోజుకి ఉన్నవి 86,400 సెకన్లు. సెకనుకొకటి చొప్పున, కన్ను మూయకుండా, ముద్ద మింగకుండా చేసినా లక్షా పాతిక వేలు ఒక రోజులో పట్టవు. నమ్మకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ పాటల ముందు ఈ లెక్క ఎంతటిది! కానీ ఆ ఇరవై ఒక్క ఏళ్ళూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరు, ఆవిడ ఆ పొగలో ఏమనుకుంది, ఎన్నిసార్లనుకుంది అన్నది ఏ కథలోనూ ఉండదు. తరిగొండ వెంగమాంబ వితంతువై కూడా వితంతువు వేషం వేయనని, ఊరినీ పూజారులనీ ఎదిరించి తిరుమల చేరి, యోగం అభ్యసించి, వేంకటాచల మాహాత్మ్యం రాసిందంటారు. ఆమె గురించి ఎన్నో కథలున్నాయి. ఆమె జపం ఎన్ని కోట్లు అన్న కథ మాత్రం నేను వినలేదు. ఆమెకి లెక్క కట్టేవాళ్ళు లేరు.

ఇక్కడ తెలుగు మాట ఒకటి నాకు దారి చూపించింది. మనకి 'లెక్క' అంటే అంకె ఒక్కటే కాదు. "నన్నెవరు లెక్కచేస్తారు?" అంటుంది అత్తగారింట్లో కోడలు. "ఆడవాళ్ళ మాట లెక్కలోకి రాదు" అంటారు. "లెక్కలేనితనం" అంటే అంకెలు రాకపోవడం కాదు, ఎదుటి మనిషి ఉన్నదని గమనించకపోవడం. లెక్కపెట్టడానికీ మన్నించడానికీ ఒకే మాట ఉన్న భాషలో మనం స్త్రీల శ్రమ గురించి ఇన్నేళ్ళుగా రాస్తున్నాం. న్యూజిలాండ్ పార్లమెంటు సభ్యురాలిగా ఉండి జాతీయాదాయం లెక్కల్ని చదివిన మార్లిన్ వేరింగ్ 1988లో వేసిన పుస్తకం పేరు 'ఇఫ్ విమెన్ కౌంటెడ్'. ఆమె ఇంగ్లీషులో పట్టుకున్న శ్లేష మనకి వాడుకలో ఎప్పటినుంచో ఉంది. 2019లో మన దేశంలో జనం కాలాన్ని ఎట్లా గడుపుతున్నారో సర్వే చేశారు. ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు వాటి మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్ళు 97. 2024లో మళ్ళీ చేశారు. పెద్ద తేడా ఏమీ రాలేదు. ఆ సర్వే ఫారం సంపాదించి నేను మొదట వెతికింది అమ్మ జపం ఏ గడిలోకి వస్తుందా అని. పలకరింపులు, కబుర్లు, నలుగురితో కలవడం, మతాచరణ, అన్నీ కలిపి ఒకే తరగతి! పైగా రోజుని అరగంటల గళ్ళుగా కోశారు. పులుసు కలుపుతూ జపం చేసే అరగంట పులుసు కిందికే వెళ్ళే అవకాశం ఎక్కువ. ప్రభుత్వం దృష్టిలో మా అమ్మ రోజుకి 1,080 సార్లు చేసే పని జరగనట్టే.

ఉంగరం దగ్గర మాత్రం జరిగింది. ఎవరూ అడగని, ఎవరికీ వడ్డించని, ఎవరి ఆరోగ్యానికో పరీక్షకో మొక్కుకోని పని ఒకటి, అంకెతో సహా, అమ్మ పేరు మీద ఉంది. "ఎవరికోసం చేస్తున్నావు?" అని అడిగితే, "ఎవరికోసమేమిటి? చేస్తున్నాను" అంది. లక్షవత్తులు నాన్న ఆయుష్షుకి. అట్లతద్ది నాకు మంచి మొగుడు రావడానికి (ఆ ఖాతాలో ఇంకా బాకీ ఉంది). ఇది ఎవరికీ కాదు.

అయితే లెక్క అంటే విముక్తి అని నేను రాసేస్తే అది చదువుకున్నవాళ్ళు చేసే తొందరపాటే అవుతుంది. నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి లెక్క ఇంకో ముఖం తెలుసు. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. పాతిక బీడీలకి ఒక కట్ట, నలభై కట్టలకి వెయ్యి. కళ్ళు టీవీ మీద, ఒళ్ళో చాట, వేళ్ళు వాటంతటవి చుడతాయి, వాటంతటవి లెక్కపెడతాయి. పాతికో బీడీకి చెయ్యి దానంతటది దారం కోసం వెళుతుంది. సాయంత్రం కార్ఖానాలో బాగాలేవని కొన్ని కట్టలు పక్కన పడేస్తే ఆ లెక్క ఎవరిదో తెలిసిపోతుంది. చుట్టింది ఆమె, లెక్కపెట్టింది ఆమె, లెక్క మాత్రం వాళ్ళది. అమ్మ బొటనవేలూ ఆ బొటనవేళ్ళూ చేసే కదలిక ఒకటే. చూస్తే తేడా తెలియదు.

సిమోన్ వెయిల్ జీవితంలో ఈ రెండు లెక్కలూ ఉన్నాయి. తత్వశాస్త్రం పాఠాలు చెప్పే ఆ ఫ్రెంచి యువతి 1934–35లో ఉద్యోగానికి సెలవు పెట్టి పారిస్ ఫ్యాక్టరీల్లో కూలికి చేరింది. ఆనాటి డైరీలో పేజీలకి పేజీలు అంకెలే. ఎన్ని ముక్కలు చేసింది, గంటకి ఎన్ని పడ్డాయి, ఎన్ని పాడయ్యాయి, కూలి ఎంత కోసుకున్నారు. ఆ లెక్క మనిషిలో ఆలోచన అనేదాన్నే చంపేస్తుందని ఆమె స్వయంగా అనుభవించింది. తర్వాత 1941లో ద్రాక్షతోటల్లో కూలిపని చేస్తూ గ్రీకు భాషలో క్రీస్తు ప్రార్థన పఠించేది. దానికి ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. మధ్యలో మనసు ఏ కాస్త పక్కకి పోయినా మళ్ళీ మొదటినుంచీ. చెదరకుండా ఒక్కసారి పూర్తయితే ఆ రోజుకి చాలు. అంటే ఆమె లెక్క ఎప్పుడూ ఒకటే. ఆ ఒకటికి ఎన్ని సున్నాలు దాటి చేరిందో ఎవరికీ తెలియదు.

ఇది చదివినప్పుడు నాకు అమ్మ జపం మీద కొంచెం జాలి కలిగిందని ఒప్పుకోవాలి. 1,080లో వెయిల్ కొలతకి నిలిచేవి ఎన్ని? కూర మాడుతోందా, గ్యాసు అయిపోవచ్చిందా, ఈ పిల్ల పెళ్ళి చేసుకుంటుందా లేదా... వీటి మధ్య రాముడు ఎక్కడ? ఒకసారి తిన్నగానే అడిగాను. అమ్మ బీరకాయ చెక్కుతోంది. "మనసు నిలిచిందో లేదో ఆయన చూసుకుంటాడు. ఎన్నయ్యాయో నేను చూసుకుంటాను" అంది. కాసేపాగి, "నిలవడం నా చేతిలో లేదు. మానకపోవడం ఉంది" అంది. వెయిల్‌కి రోజులో ఆ ఒక్క ప్రార్థనకి అడ్డు వచ్చే పిల్లలు లేరు, పాలు పొంగే పొయ్యి లేదు. ఆమె కఠోరత ముందు తల వంచుతాను. కానీ శ్రద్ధకి అదొక్కటే కొలత అంటే ఒంటరిగా ఉండగలిగినవాళ్ళకే శ్రద్ధ ఉందనాలి. సగం మనసుతో, విరామం లేకుండా, ఏళ్ళ తరబడి చేసేదానికి కూడా ఏదో ఒక పేరుండాలి. పిల్లల్ని మనం అట్లాగే పెంచుతాం. ఎవరూ దాన్ని ప్రేమ కాదనరు.

మరి రాముడేమిటి, ఈ రోజుల్లో ఆ పేరేమిటి అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. 1992 తర్వాత ఊళ్ళో ఊరేగింపు వస్తే ఆ పేరు విని తలుపులు మూసుకున్న ఇళ్ళు ఉన్న దేశం ఇది. సీతని అడవికి పంపినవాడి పేరు నా తల్లి వేలి మీద లక్షలకి చేరుతుంటే స్త్రీవాదిని అని చెప్పుకునే నేను ఆ వేలికి ఉంగరం తొడిగాను. ఓల్గా 'విముక్త' కథల్ని అమ్మకి నేనే ఇచ్చాను. రెండు రోజుల్లో చదివేసింది. అహల్య, శూర్పణఖ, ఊర్మిళ అంటూ వారం రోజులు వాళ్ళ గురించే మాట్లాడింది. "సీత బాగా బతికింది చివరికి" అంది. జపం ఒక్కరోజు ఆగలేదు. ఈ రెండూ ఎట్లా కుదురుతాయని గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కుంది. అమ్మ లోపల కుదిరినది నా వ్యాసంలో కుదరదు. బలవంతంగా కుదర్చను.

ఇక ఆ రాత్రి.

పండక్కి అన్నయ్య వాళ్ళొచ్చారు. అన్నయ్య కూతురికి నాలుగేళ్ళు. భోగినాటి సాయంత్రం అమ్మ నాతో, "నూట అయిదు మాలలయ్యాయే" అంది. ధనుర్మాసం చివర్లో మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టి చేస్తోంది, ఈసారి కోటి అనుకుని. కోటి అంటే ఈ వేగాన పాతికేళ్ళు పైనే పడుతుందని నేను లెక్క చెప్పాను. అమ్మకి అప్పుడు అరవై మూడు. "పూర్తి కావాలని ఎవరన్నారు?" అంది. ఆ రాత్రి అమ్మ త్వరగా పడుకుంది. ఉంగరం దేవుడి గూట్లో ఉంది. పది గంటలప్పుడు మేనకోడలు "అత్తా, గుండ్రాలు!" అంటూ దాన్ని తీసుకొచ్చి చూపించింది. తెర మీద సున్నాలు. చిన్న మీట నొక్కేసింది.

దాని చేతిలోంచి లాక్కున్నాను. ఏడిచింది. పిల్లని పడుకోబెట్టాక వంటింట్లో కూచుని ఏం చెయ్యాలా అని ఆలోచించాను. నాకు కనిపించింది ఒకటే. నాన్న పోయాక అమ్మకి తనదంటూ ఉన్నది ఆ అంకె. అది పోయిందని తెల్లారి పండగపూట ఎట్లా చెప్పను? నూట అయిదు మాలలంటే 11,340. జపం అయితే జరిగింది కదా, పోయింది రాత మాత్రమే కదా, రాతని తిరిగి రాస్తే తప్పేమిటి? పరిశోధనలో ఇట్లాంటి పని చేస్తే దొంగ డేటా అంటారని నాకు తెలియక కాదు. నొక్కడం మొదలుపెట్టాను. మొదటి వెయ్యి వరకూ ఉత్సాహంగానే ఉంది. మూడు వేల దగ్గర వేలు నొప్పి. అయిదు వేల తర్వాత ఏ ఆలోచనా లేదు, వేలూ తెరా తప్ప. ఎనిమిది వేలప్పుడు బీడీల చాట గుర్తొచ్చింది. పట్టుబడతానేమో అన్న భయం ఒక్కటే చివరిదాకా నిలిచింది. వెయిల్ అడిగిన ఏకాగ్రత ఆ రాత్రి నాకు ఉందనే చెప్పాలి! 11,340 దగ్గర ఆపి, గూట్లో పెట్టి, పడుకున్నాను.

తెల్లారి అమ్మ స్నానం చేసి వచ్చి ఉంగరం తొడుక్కుంది. తెర చూసింది. ఒక్కక్షణం ఆగింది. జపం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజులు గడిచాయి. అన్నయ్య వాళ్ళు వెళ్ళిపోయారు. నా బస్సు రాత్రికి. నా మనసు ఊరుకోలేదు, చెప్పేశాను. పాపని తిట్టకు అని ముందే అన్నాను.

అమ్మ చేస్తున్న పని ఆపలేదు. "నాకు తెలుసులే. నువ్వు డెబ్బై రెండు తక్కువ నొక్కావు" అంది.

పాలపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ముందు పేజీల్లో పాల లెక్క, గ్యాసు బండ తేదీలు, చాకలి పద్దు. వెనకనుంచి తిప్పితే జపం లెక్క. ప్రతి రాత్రీ పడుకునేముందు రాసింది. ఉంగరం 99,999 దాకానే చూపిస్తుంది. ఆ తర్వాత మళ్ళీ సున్నా. కోటికి పూనుకున్న మనిషి ఆ యంత్రాన్ని నమ్ముకుని కూచుంటుందా? లక్ష వత్తులు సీసాల్లో పోసి లెక్క తప్పని మనిషి! దాన్ని చేసినవాళ్ళకి కోటి అనే ఊహే లేదని అమ్మకి మొదటిరోజే అర్థమైంది. రెండు డిగ్రీలూ ఒక డాక్టరేటూ ఉన్న నాకు ఆ ఆలోచనే రాలేదు. భోగినాడు నాతో నూట అయిదు అని చెప్పాక ఇంకో మాల పట్టుకుంది. డెబ్బై రెండు దగ్గర అన్నయ్య అన్నానికి పిలిచాడు. పుస్తకంలో 11,412 అని ఉంది.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వే ఎందుకు చెప్పలేదు?"

నువ్వు బాధపడతావని, అన్నాను. అమ్మకి కోపం వచ్చింది. నిజమైన కోపం. "మీ నాన్న షుగరు రిపోర్టులు కూడా నాకు ఇట్లాగే చెప్పారు, నేను బాధపడతానని. నీ ఉద్యోగం పోయిన సంగతి ఆరు నెలలకి తెలిసింది నాకు. నేనేమన్నా పసిపిల్లనా? ఆ పిల్ల నయం, చూపించింది!" అని లోపలికి వెళ్ళిపోయింది.

పదకొండు వేల మూడు వందల నలభై సార్లు లెక్కపెట్టి నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. లెక్కచేయకపోవడం. యాపులు మనుషుల్ని అంకెలుగా మారుస్తున్నాయని ఉపన్యాసాలిచ్చే నేను, అమ్మ అంటే ఆ తెర మీది అంకె అనుకున్నాను. అది పోతే అమ్మ కూలిపోతుందనుకున్నాను. పెద్దవయసు ఆడవాళ్ళకి నిజం చెప్పనక్కర్లేదని, వాళ్ళ మనసు సున్నితమని, వాళ్ళ తరఫున మనమే నిర్ణయించవచ్చని మగవాళ్ళు అనుకుంటే దానికి మనం ఒక పేరు పెట్టి వ్యాసాలు రాశాం. నేను అదే పని జాలితో చేశాను. జాలితో చేసినందుకు బొటనవేలు వాచింది గానీ పని మారలేదు.

దొంగ లెక్కా కాదా అన్న ప్రశ్నకి మటుకు నాకింకా జవాబు లేదు. నా నొక్కుళ్ళు దేనికి జమ అయ్యాయి? అమ్మ వాటిని చెరపలేదు. చేసిన జపం తనది, అంకె సరిపోయింది, మధ్యలో నా గంటన్నర ఎటూ చెందకుండా మిగిలిపోయింది. పత్తర్‌గట్టీ కొట్టతని మూడు నొక్కుళ్ళని "అవి ఆయనవి" అని పక్కన పెట్టినట్టు నావి పక్కన పెట్టిందో, కలుపుకుందో అడగడానికి ధైర్యం చాలలేదు.

బస్సుకి వెళ్ళేముందు అమ్మ పెరుగన్నం డబ్బా కడుతుంటే పాలపుస్తకం మళ్ళీ తీశాను. భోగి తేదీ ఎదురుగా 11,412. సంక్రాంతి తేదీ దగ్గర ఆ రోజు లెక్కతోపాటు, పక్కన పెన్సిలుతో చిన్నగా "72 మళ్ళీ" అని ఉంది. పుస్తకం ప్రకారం ఆ డెబ్బై రెండూ ముందే చేసినవి. వాటిని మళ్ళీ చేసింది, ఉంగరాన్ని పుస్తకానికి సరిపెట్టడానికి. నొక్కేస్తే నిమిషంలో అయిపోయేది కదా అన్నాను.

"నొక్కడమెందుకు, చేస్తే పోలా" అంది, డబ్బాకి మూత బిగిస్తూ.